ఏడు నెలలా, ఐదు నెలలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. ఐదెకరాల వరి. బిడ్డ బీటెక్ ఆఖరి సంవత్సరం. ఇంగ్లండ్‌లో ఒక యూనివర్సిటీ ల్యాబులో ఏడు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. వాళ్లిచ్చే డబ్బు అద్దెకు, తిండికి సరిపోతుందట. వీసా, హెల్త్ ఫీజులకే రెండు లక్షలు దాటుతాయని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. బంగారం కుదువ పెట్టాలా? అమ్మాయికి ఆస్తమా కూడా ఉంది.

జవాబు: బంగారం జోలికి ఇప్పుడే పోకండి. కన్సల్టెన్సీ లెక్క తప్పేం కాదు. పౌండుకు 115 రూపాయలు వేసుకుంటే వీసా ఫీజు 319 పౌండ్లు (2025 ఏప్రిల్ రేటు), అంటే 36,700. అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టించుకునే హెల్త్ సర్‌చార్జ్ 1,035 పౌండ్లు, అంటే 1,19,000. తొందరగా తేల్చే ప్రయారిటీ సర్వీసు 500 పౌండ్లు, ఇంకో 57,500. మొత్తం 2,13,200.

ఇందులో వీసా ఫీజు ఒక్కటే తప్పదు. ప్రయారిటీ అవసరమే లేదు. పని మొదలయ్యే తేదీకి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు, మామూలుగా మూడు వారాల్లో తేలుతుంది.

అసలు కిటుకు సర్‌చార్జ్‌లో ఉంది. ఇక్కడి నుంచి ఆరు నెలలు లేదా అంతకు తక్కువ వీసాకు పెట్టుకుంటే అది కట్టక్కర్లేదు. ఆరు దాటితే ఏడు నెలలకైనా ఏడాది మొత్తం వసూలు చేస్తారు, ముందే తిరిగొచ్చినా పైసా వాపసు రాదు. అలాగని సరిగ్గా ఆరు నెలలు రాయించకండి. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌లోని గడువుకు ఇంకో 28 రోజుల దాకా కలిపి వీసా ఇస్తారు, అక్కడ గీత దాటిపోతుంది. ఐదు నెలలకు కుదించగలరా అని ప్రొఫెసర్‌కు బిడ్డనే మెయిల్ రాయమనండి. ఒప్పుకుంటే, ఆరు నెలలు దాటే వీసాకు అడిగే టీబీ పరీక్ష ఖర్చు కూడా తప్పుతుంది.

సర్‌చార్జ్ కట్టలేదంటే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యం ఫ్రీ కాదు. ఎమర్జెన్సీ విభాగంలో చూడటానికి డబ్బు అడగరు గానీ, అడ్మిట్ చేస్తే మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. అందుకే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఫారంలో ఆస్తమా అని రాయండి, పాత జబ్బుకు కవర్ ఇచ్చే పాలసీనే తీసుకోండి. ప్రీమియం నాలుగు రాళ్లు తగ్గుతుందని దాచేవాళ్లను చూశాను; క్లెయిమ్ అప్పుడు కంపెనీ మొదట పట్టుకునేది అదే. ఇన్హేలర్లు, డాక్టర్ చీటీ చేతి బ్యాగులోనే పెట్టించండి.

ఇంకొకటి. అక్కడ మొదట్లో ఖర్చులకు డబ్బుందని వీసా కోసం రుజువు కావాలి. 1,270 పౌండ్లు, అంటే సుమారు 1,46,000, వరసగా 28 రోజులు ఖాతాలో చూపాలి. మీ ఖాతాలో కాదు, బిడ్డ ఖాతాలో. ధాన్యం డబ్బు పడగానే అటు మార్చండి, మధ్యలో ఎరువుల బాకీకి ముట్టుకోవద్దు. మొదటి నెల ఖర్చు మేమే చూసుకుంటామని యూనివర్సిటీ ఆ స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌లో రాస్తే ఇదీ అక్కర్లేదు. ప్రొఫెసర్‌కు రాసే మెయిల్‌లోనే ఈ మాట కూడా అడగమనండి.