పాఠం చెబుతూ ప్రాక్టీస్ చేయడం కుదురుతుందా?

ఆర్కిటెక్చర్ కాలేజీలో చేరి, పక్కన సొంత ప్రాక్టీస్ కూడా పెట్టుకుంటే రెంటికీ చెడ్డ రేవడినవుతానా అని అడిగారు. నేను 19 ఏళ్లుగా రెండూ చేస్తున్నాను. చెడిన రోజులూ ఉన్నాయి. కానీ ఒకటి వదిలేసి ఉంటే రెండోది కూడా పలచబడేదనే అనుకుంటాను.

ఒకసారి సెకండియర్ స్టూడియోలో ఒకమ్మాయి మెట్ల డ్రాయింగ్ చూసి, ‘ల్యాండింగ్ కింద నడిచేవాళ్లకి తల తగులుతుంది, సెక్షన్ సరిగ్గా అక్కడే కోసి చూడమ్మా’ అని ఎర్రపెన్నుతో గీశాను. సెక్షన్ అంటే భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ. అదే నెలలో నా సైట్లో ల్యాండింగ్ బీమ్ కింద 2.1 మీటర్లు రావాల్సిన చోట 1.85 వచ్చింది. మేస్త్రీ తప్పేం లేదు. బొమ్మ అందంగా వచ్చే చోట సెక్షన్ కోశాను, మెట్ల మీదుగా కోయలేదు. కాంక్రీటు అప్పటికే గట్టిపడింది. ఆ దారి మూసి స్టోర్ చేసి, తలుపు పక్కగోడలోకి మార్చాం. ఖర్చు నేనే పెట్టుకున్నాను. తర్వాత ఆ డ్రాయింగునే క్లాసులో గోడకు అంటించి తప్పు పట్టుకోమన్నాను. నాలుగు నిమిషాలు పట్టలేదు వాళ్లకి!

క్లాసు నుంచి ఆఫీసుకూ అలాగే అందుతుంది. ‘ఇలా బాగుంటుందండీ’ అంటే చాలామంది క్లయింట్లు ఒప్పుకుంటారు. విద్యార్థి మాత్రం ‘ఎందుకు సార్?’ అంటాడు. జవాబు దొరక్క నేను మార్చేసిన ప్లాన్లు ఉన్నాయి. ఇలా రెండూ చేసిన పెద్దవాళ్లూ ఉన్నారు. అమెరికన్ ఆర్కిటెక్ట్ లూయిస్ కాన్ 1947 నుంచి యేల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. ఆయనకు పేరు తెచ్చిన అక్కడి ఆర్ట్ గ్యాలరీ 1953లో పూర్తయింది, అప్పటికి ఆయనకు యాభై దాటాయి. ఇంకో ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రో అయితే షికాగోలో తను నడిపిన ఆర్కిటెక్చర్ విభాగానికే క్రౌన్ హాల్ అనే భవనం కట్టారు. శిష్యులు గురువు గీతనే గీశారన్న విమర్శ ఆయన మీద ఉంది. విద్యార్థుల డిజైన్లు పరీక్షించే జ్యూరీలో నా బిల్డింగుల్లాంటివి మూడు కనిపిస్తే నాకూ టెన్షనే.

ఇక టైము. కాలేజీలో జ్యూరీ, సైట్లో శ్లాబ్ ఒకే రోజు పడతాయి, పడి తీరతాయి. సైట్లో నిర్ణయం తీసుకోగల భాగస్వామి లేకుండా ఆఫీసు తెరవకండి. విద్యార్థులతో ఊరికే డ్రాయింగులు గీయించుకోకండి. మార్కులు మన చేతిలో ఉన్నప్పుడు వాళ్లు కాదనలేరు. బయట ప్రాక్టీసుకు వారానికి ఎన్ని గంటలో కాలేజీతో కాగితం మీద రాయించుకోండి. నేను నోటిమాట నమ్మాను. ప్రిన్సిపాల్ మారగానే ఆర్నెల్లు ఆఫీసుకు తాళం వేసుకున్నాను.