ఒక్క ఫీతీ పడ్డ అల్లుడికి

అల్లుడా,

ఫౌజుల నువ్వు లాన్స్ నాయక్ అయినవు, నీ జబ్బకు మొదటి ఫీతీ పడ్డదని మీ అమ్మ పొద్దుగాల్నే ఫోన్ చేసింది. సంతోషంతోని మొదలువెట్టి ఏడుపుతోని పెట్టేసింది. 2020 జూన్‌ల గల్వాన్‌ల చైనోళ్లతోని కొట్లాటల పానమిచ్చిన కర్నల్ సంతోష్ బాబు విగ్రహం సూర్యాపేటల పెట్టిన్రు గదా, బస్సు ఆ ముంగట పోతే ఆమె తల తిప్పుకుంటది. ఆమె భయం సరిహద్దు గురించి. నా భయం వేరే. మొన్నటిదాక నీతోని ఒక్క పళ్లెంల తిన్నోళ్ల మీదనే నిన్ను పెద్దను చేసిన్రు.

ఫోన్‌ల చెప్తే "సరే మామా" అని నవ్వి మాట మారుస్తవు. అందుకే రాస్తున్న.

హాజరు, టైము, సామాన్ల లెక్క కేడర్ ట్రైనింగ్‌ల ఒళ్లు వంచి, రగడా ఇచ్చి నేర్పిందే. గ్లోవ్స్ లేకుండ బ్రిడ్జి ఇనుప ప్యానెల్ ముట్టనియ్యకు.

ఇగ నా సంగతి విను. నాకు ఫీతీ పడ్డ నెలకే బెయిలీ బ్రిడ్జి పని వచ్చింది, ఇనుప ప్యానెళ్లు జోడిచ్చి వేసే బ్రిడ్జి. నువ్వూ సాపర్‌వే, ఫౌజుల బ్రిడ్జిలు వేసెటోనివే, ఎరుకే: ఒక్క ప్యానెల్ పదడుగులు, దగ్గర దగ్గర 260 కిలోలు, ఆరుగురు కడ్డీలేసి మొయ్యాలె. రాత్రి, వాన. మోసెటోళ్లంత నా బ్యాచే. జడ్చర్ల దోస్తు ఒకడుండె, పొట్టోడు. "నా జోడీ పొడుగోడు, కడ్డీ నా దిక్కే వంగుతున్నది, జోడీ మార్చుర" అన్నడు. వాడు చెప్పింది నిజమేనని నాకు కనవడుతనే ఉన్నది. అందరి ముంగట వాని మాట వింటే ఫీతీ ఇజ్జత్ పోతదనుకున్న. "ఆర్డర్ నేనిస్త, నువ్వు ఎత్తు" అన్న.

నాలుగడుగులు వేసిన్రో లేదో వాని కాలు జారింది. రెండు కాలివేళ్లు పోయినయ్.

విచారణల ఒక్కడు గూడ నా పేరు చెప్పలే. "వాన, సాబ్" అన్నరు. తిట్టినా బాగుండె. ఆ తర్వాత చెప్పింది చేసుడు, చెప్పనిది ముట్టకపోవుడు. ఒకనాడు ప్యానెల్ పిన్నుకు సేఫ్టీ క్లిప్ లేదు. పక్కన నిలవడ్డోడు చూసి గూడ చెప్పలే. ఎందుకుర అంటే, "ఆర్డర్ రాలేదు, సాబ్" అన్నడు. మొన్నటిదాక నన్ను అరేయ్ అని పిలిచినోడు! ఆ 'సాబ్' ఇప్పటికీ నా చెవుల్నే ఉన్నది.

నువ్వు 'అడాప్టివ్ లీడర్‌షిప్' అని, ముందే జవాబు లేని చిక్కులల్ల మందిని ఎట్ల నడిపియ్యాలె అని ఏందో చదువుతున్నవట. చదువు. పిన్ను ఎక్కడ పడాలె, క్లిప్ ఎట్ల పెట్టాలె అనేదానికి పుస్తకంల జవాబున్నది, ఆర్డర్ చాలు. తడి నేల, అలిసిన భుజం, అలిగిన దోస్తు, వీటి జవాబు మోసెటోని కాడ ఉంటది. మన బోరు మోటరు తీసేటప్పుడు చూడలేదా? బోరు తాతది, పైసలు తాతయి, గొంతు మాత్రం పైపు మీద చెయ్యి పెట్టినోనిది. వాడు "ఆగు" అంటే తాత గూడ ఆగుడే.

ఇంత చిన్న సంగతి యాదికొచ్చెతందుకు నాకు రెండు నెలలు పట్టింది. దోస్తు దవాఖాన నుంచి కుంటుకుంట వచ్చిండు. తప్పు నాదని అందరి ముంగట చెప్పిన. "ఎత్తు, దించు నువ్వు పలుకు, కడ్డీ నేను పడ్త" అన్న. వాడు అరేయ్ అననీకి ఇంకో వారం పట్టింది. నడిమిట్ల రెండుసార్లు నేనే మళ్ల నోరు జారిన.

అట్లని ప్యానెల్ చేతుల మీద ఉన్నప్పుడు పంచాయితి పెట్టకు. ఎత్తకముందు అడుగు, దించినంక తిట్లు తిను. నీకు తిట్లు తినుడు చేతగాదు, గోలీలాటల గూడ నువ్వు ఓడితే ఆటే బంద్ చేస్తుంటివి. ఇగ ఆ బుద్ధి మానుకో. నీ కోపం నా కోపమే, అందుకే భయం.

2024ల కేరళ వయనాడ్ చూరల్‌మలల కొండ విరిగిపడ్డంక మద్రాస్ సాపర్లు 190 అడుగుల బెయిలీ బ్రిడ్జి వేసి ఆగస్టు 1కి నిలవెట్టిన్రు. టీవీల అందరు ఆ పని నడిపిన మేజర్ సీతా షెల్కేను చూసిన్రు. నేను ప్యానెల్ కింది కాళ్లు చూసుకుంట కూసున్న. మీ అత్త పోసిన చాయ్ సల్లవడ్డది.

ఆదివారం అమ్మకు ఫోన్ చెయ్యి. నాకు మాత్రం ఒక కాయితం రాయి: మీ ఆరుగుర్ల పొడుగెవడు, పొట్టెవడు, ఎవనికి ఏ భుజం నొస్తది.

మీ మామ