మీ ప్రశ్న, మా జవాబు: కుటుంబంతో కొండదారులకు పాత ఫోర్ వీల్ డ్రైవ్

ప్రశ్న: మాది విశాఖపట్నం. నేను, నా భార్య, పదమూడేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు, అరవై ఎనిమిదేళ్ల మా అమ్మగారు, మొత్తం ఐదుగురం. సెలవులు వస్తే పాడేరు, వంజంగి, లంబసింగి, మారేడుమిల్లి వైపు వెళ్లడం మాకు అలవాటు. కిందటి వానాకాలంలో మా చిన్న కారు మట్టిదారిలో రెండుసార్లు కూరుకుపోతే ఊళ్లోవాళ్లు వచ్చి తోశారు. అందుకని పది లక్షల లోపు సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ డ్రైవ్ (ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిను బలం అందే బండి) కొనాలనుకుంటున్నాను. ఒక బ్రోకరు ఢిల్లీ నంబరున్న 2013 నాటి డీజిల్ బండిని బాగా తక్కువ ధరకు ఇప్పిస్తానంటున్నాడు. మా బావమరిది మాత్రం కొంటే మహీంద్రా థారే కొనమంటున్నాడు. ఏది మంచిది?

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది బడ్జెట్టూ కాదు, బ్రోకరు చెప్పిన ధరా కాదు, ‘ఐదుగురం’ అన్న మాట. 2020 అక్టోబరు 2న మార్కెట్లోకి వచ్చిన రెండో తరం థార్ నలుగురు కూర్చునే బండి. దానికి రెండే తలుపులు ఉన్నందున వెనక సీట్లోకి వెళ్లాలంటే ముందు సీటును మడిచి, వంగి, ఎక్కాలి. అరవై ఎనిమిదేళ్ల మీ అమ్మగారు పాడేరు వెళ్లేలోగా నాలుగుసార్లు దిగి ఎక్కవలసి వస్తే ఆవిడకు అది ప్రయాణంలా ఉండదు. 2010 నుంచి 2020 వరకు అమ్మిన పాత థార్‌లలో చాలావాటికి వెనక భాగంలో ఎదురెదురుగా అడ్డ బల్లలే ఉంటాయి, వాటిపై పిల్లల్ని కూర్చోబెట్టి ఘాట్ రోడ్డు ఎక్కడాన్ని నేను ఎట్టిపరిస్థితుల్లోనూ ఒప్పుకోను. అయిదు తలుపులతో 2023లో వచ్చిన మారుతి జిమ్నీకి ఫోర్ వీల్ డ్రైవ్, లో గేరు (ఏటవాలు దారులకు పనికొచ్చే నెమ్మది గేరు) రెండూ ఉన్నాయి కానీ అదీ నలుగురి బండే. మీ బావమరిది గారు చెప్పింది మంచి బండి గురించే, కాకపోతే అది మీ ఇంటికి సరిపడే బండి కాదు.

ఇక రెండో సంగతి, పేరు చూసి మోసపోవద్దు. 2023 జనవరి నుంచి థార్‌లోనే వెనక చక్రాలు మాత్రమే నడిచే రకం కూడా వస్తోంది, పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. 2012 నుంచి 2019 వరకు వచ్చిన టాటా సఫారీ స్టార్మ్‌లో నాలుగు చక్రాలు నడిచేదీ ఉంది, రెండు చక్రాలు నడిచేదీ ఉంది. 2021లో సఫారీ అన్న పేరుతోనే వచ్చిన కొత్త బండికైతే ముందు చక్రాలే నడుస్తాయి. ప్రకటనలో ‘సఫారీ’ అని మాత్రమే రాస్తే అది ఏ సంవత్సరానిదో, అందులో నాలుగు చక్రాలను కలిపే మీటో స్విచ్చో ఉందో లేదో కళ్లతో చూసే వరకు నమ్మవద్దు.

ఫోర్ వీల్ డ్రైవ్‌లలోనూ రెండు జాతులున్నాయి. ఇంజిను బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టెలో, అంటే ట్రాన్స్‌ఫర్ కేస్‌లో, లో గేరు ఉన్నవి ఒక జాతి. నిటారుగా ఉన్న రాళ్ల దారిలో అవి ఇంజిను బలంతోనే నిదానంగా ఎక్కుతాయి, దిగేటప్పుడు బ్రేకు మీద భారం పడకుండా ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. సఫారీ స్టార్మ్ ఫోర్ బై ఫోర్, పాత స్కార్పియో ఫోర్ బై ఫోర్ ఈ జాతివి. లో గేరు లేకుండా అవసరమైనప్పుడు మాత్రమే రెండో జత చక్రాలకు బలం అందించేవి ఇంకో జాతి. 2014లో వచ్చిన రెనో డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్ అలాంటిది. మీరు చెప్పిన దారులు దాదాపుగా తారు రోడ్లు, వాటి చివర్లో కొద్ది దూరం మట్టి, బురద. మీ కారు కూరుకుపోయింది టైర్లు అరిగి, అడుగు భాగం నేలకు ఆనుకుని అయితే డస్టర్ జాతి బండి చాలు; అది తేలిక, నడపడానికి మామూలు కారులాగే ఉంటుంది, పెద్దవాళ్లకు కుదుపులు తక్కువ. రాళ్ల ఏటవాలు మీద దిగబడి ఉంటే మాత్రం లో గేరున్నదే తీసుకోవాలి. కూరుకుపోయిన ఆ రెండు చోట్లనూ ఒకసారి నిదానంగా గుర్తు తెచ్చుకుంటే ఏ జాతి కావాలో మీకే తెలుస్తుంది. స్టార్మ్ తీసుకుంటే దాని వెనక ఉండే అడ్డ సీట్లను సామాన్లకే వదిలేసి, ఐదుగురూ ముందు రెండు వరుసల్లోనే కూర్చోండి.

ఢిల్లీ బండి విషయానికి వస్తే, దాన్ని పూర్తిగా కొట్టిపారేయను. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లను దేశ రాజధాని ప్రాంతంలో తిరగనివ్వవద్దని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ ఆదేశాలు ఆ తరువాత కొన్ని మార్పులకు లోనైనా, అక్కడి పాత డీజిల్ బళ్లు ఇతర రాష్ట్రాలకు చవకగా తరలిపోవడానికి మూలం అదే. పైగా అక్కడి గాలిలో ఉప్పు లేదు కనుక, సముద్రపు గాలికి పదేళ్లు నిలిచిన మన విశాఖ బండికన్నా వాటి ఛాసిస్ తరచుగా శుభ్రంగా ఉంటుంది. అయితే చవక అన్నది ఎక్కడ ఆగుతుందో లెక్క వేసుకోండి. 2013లో రిజిస్టరైన సొంత బండికి 2028లో పదిహేనేళ్ల గడువు తీరుతుంది, ఆపైన తనిఖీకి తీసుకెళ్లి అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. ఇతర రాష్ట్రపు బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవడం చట్టప్రకారం తప్పనిసరి, అప్పుడు ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతికి రానిదే, బండి మీద ఫైనాన్స్ ఉంటే అది తీరినట్లు ఆర్సీలో నమోదు కానిదే ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వవద్దు. ‘డబ్బు కట్టండి, ఎన్‌ఓసీ వారంలో వస్తుంది’ అన్న మాట నమ్మి ఏడాదిన్నర పాటు ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు నాకు తెలుసు.

వరదలో మునిగిన బండేమో అన్న అనుమానం మాత్రం ఏ బండి విషయంలోనైనా ఉంచుకోవాలి. 2015లో చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో వేల కార్లు నీటిపాలయ్యాయి. అలాంటివాటిని కడిగి, సీట్లు మార్చి, మళ్లీ అమ్మకానికి పెట్టేవాళ్లున్నారు. ఒకసారి మా పెదనాన్నగారి అబ్బాయి కోసం ఒక బండి చూడటానికి వెళ్లాను. లోపల కొత్త తోలు వాసన, మెరిసే డ్యాష్‌బోర్డు, వంక పెట్టడానికి ఏమీ కనిపించలేదు. డ్రైవరు సీటు బెల్టును మెల్లగా చివరిదాకా లాగాను. మొదటి మూరెడు నల్లగా నిగనిగలాడింది. ఆపైన రంగు మారి, అడ్డంగా ఒక గోధుమరంగు గీత, గీతకు అవతల ఎండిన ఒండ్రు పొడి వేళ్లకు అంటింది. నీరు ఎంత ఎత్తున నిలిచిందో ఆ గీతే చెప్పింది. మీరు కూడా ప్రతి సీటు బెల్టునూ చివరిదాకా లాగి చూడండి, కార్పెట్ ఎత్తి సీటు పట్టాల బోల్టులను, స్టెప్నీ కింది గుంటను చూడండి.

మార్పులు చేసిన బళ్లకు దూరంగా ఉండమని కూడా చెబుతాను. ఎత్తు పెంచిన సస్పెన్షన్, చక్రపు గూడు దాటి బయటికి వచ్చే లావు టైర్లు, ముందువైపు ఇనుప గార్డు చూడటానికి బాగుంటాయి. కానీ కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. చట్టం మాట అటుంచినా, లావు టైర్ల భారమంతా యాక్సిల్ మీదా బేరింగుల మీదా పడుతుంది, ఎత్తు పెరిగిన బండి మలుపులో ఎక్కువగా ఒరుగుతుంది. మార్పులేవీ చేయని, కుటుంబం వాడిన, సర్వీసు రికార్డు ఉన్న బండి కోసం మూడు నెలలు ఆగవలసి వచ్చినా ఆగండి.

పది లక్షలూ బండికే పెట్టేయవద్దు. అందులో లక్షన్నర పక్కన పెట్టుకోండి. పాత బండి ఇంటికి రాగానే టైర్లు, బ్యాటరీ, అన్ని ఆయిళ్లు, బ్రేకు ప్యాడ్లు చూసుకోవడానికి ఆ డబ్బు కావాలి.

ప్రశ్న: మాది ఖమ్మం. ఒక పాత ఫోర్ బై ఫోర్ బేరం దాదాపు కుదిరింది. అమ్మేవారు మీట వేసి, డ్యాష్‌బోర్డులో పచ్చ దీపం వెలగడం చూపించి ‘చూడండమ్మా, పనిచేస్తోంది’ అన్నారు. మా మెకానిక్ ఇంజినులో నిపుణుడే గానీ ఫోర్ వీల్ డ్రైవ్ సంగతి తనకు అంతగా తెలియదంటున్నాడు. నిజంగా పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: దీపం వెలిగిందంటే స్విచ్ పనిచేస్తోందని మాత్రమే అర్థమమ్మా, ముందు చక్రాలకు బలం అందుతోందని కాదు. మీరడిగింది చాలా అవసరమైన ప్రశ్న. ఎందుకంటే చాలా పాత బళ్లలో ఈ మీటను ఏళ్ల తరబడి ఎవరూ కదిలించరు, లోపల అది బిగుసుకుపోయి ఉంటుంది.

మీటతో నాలుగు చక్రాలను కలిపే రకం బండి అయితే మీ మెకానిక్ ఒక జాకీతో తేల్చేయగల పరీక్ష ఇది. చదునైన మట్టి నేల మీద బండిని ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ కలిసి మామూలు వేగంతో నడిచే స్థితి) పెట్టి, నాలుగైదు గజాలు నిటారుగా నడిపి ఆపాలి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, ఇంజిను ఆపి, గేరును న్యూట్రల్‌లోకి తేవాలి. ఇప్పుడు ముందు చక్రం ఒక్కదాన్ని జాకీతో నేల నుంచి లేపి చేత్తో తిప్పి చూడాలి. వ్యవస్థ సరిగ్గా కలిసి ఉంటే ఆ చక్రం కొద్దిగా అటూ ఇటూ ఆడి ఆగిపోతుంది, చుట్టూ తిరగదు. చక్రం సులువుగా గిర్రున తిరిగితే ముందు యాక్సిల్ కలవలేదన్నమాట. తరువాత టూ హైలోకి (రెండు చక్రాలు మాత్రమే నడిచే స్థితి) మార్చి ఇదే పని చేస్తే చక్రం హాయిగా తిరగాలి. అప్పుడూ తిరగకపోతే మీట బయటికి రాకుండా లోపలే ఇరుక్కుంది. డస్టర్ లాంటి ఆటోమేటిక్ రకాలకు ఈ పరీక్ష వర్తించదు.

తరువాత అదే మట్టి నేల మీద ఫోర్ లో (నాలుగు చక్రాలకూ లో గేరు) వేసి, మొదటి గేరులో యాక్సిలరేటర్ తొక్కకుండా వదిలి, స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పి నడపండి. బండి కొద్దిగా బిగిసి, నెట్టినట్టు కదులుతుంది. అది మామూలే, వ్యవస్థ కలిసిందన్న గుర్తే. టకటకమని శబ్దం వస్తే మాత్రం చక్రాల దగ్గరి జాయింట్లు అరిగాయి. వాటిని కప్పే రబ్బరు బూట్లు చిరిగాయేమో చూడండి. ఈ ప్రయత్నం పొడి తారు రోడ్డు మీద ఎప్పుడూ చేయవద్దు, పట్టు వదలని రోడ్డు మీద చక్రాలు జారలేక ఆ ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది.

చివరగా ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు డిఫరెన్షియల్ (ఎడమ, కుడి చక్రాలకు బలం పంచే గేరు పెట్టె), వెనక డిఫరెన్షియల్ ఆయిళ్లను ఒక్కొక్క చెంచాడు తీసి తెల్ల కాగితం మీద వేయించండి. నల్లబడి ఉంటే మార్పిస్తే సరిపోతుంది. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు లోపలికి వెళ్లాయి. నీళ్లు ఎప్పుడు, ఏ వాగులో దిగాయో అమ్మేవారు సూటిగా చెప్పలేకపోతే ఆ బేరం వదులుకోండి. ఇంజిను ఆయిల్ మూత కూడా తీయించి చూడండి, అక్కడా ఆ రంగే ఉంటే ఇంజిను లోపలికి నీరు చేరిందనే అనుమానించాలి.

ప్రశ్న: హైదరాబాదులో ఉంటాం. కిందటి నెల సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్ కొన్నాం. పిల్లలతో వాగులు దాటడం, అడవి దారుల్లో నడపడం నేర్చుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అడవిలో మాత్రం మొదలుపెట్టవద్దు. అభయారణ్యాల్లోకి అనుమతి లేకుండా వెళ్లడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం చూడాలనుకుంటే మీ బండిని ఇంటి దగ్గర వదిలి అటవీశాఖ వాహనంలో వెళ్లండి, జంతువుల అలికిడికీ గడ్డినేలకూ అదే మేలు. నేర్చుకోవడానికి తెలిసినవారి పొలం గట్ల వెంట ఖాళీగా ఉన్న ఎర్రమట్టి నేల, వాళ్లను అడిగి, సరిపోతుంది. పద్ధతిగా శిక్షణ కావాలంటే మహీంద్రా సంస్థ మహారాష్ట్రలో ఇగత్‌పురి దగ్గర ఆఫ్ రోడ్ శిక్షణ కేంద్రం నడుపుతోంది.

వాగుల విషయంలో, కొత్త థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో వెళ్లగలదని కంపెనీ చెప్పే మాట నిలిచిన నీటికి సంబంధించింది. పారే నీరు మోకాలి లోతుకు వచ్చిందంటే బరువైన బండినైనా పక్కకు నెట్టగలదు. పిల్లలు లోపల ఉండగా పారే వాగులో దిగవద్దు, ముందు బళ్లు దాటినా సరే. నీరు నిలిచిన చోట కూడా దిగే ముందు ఒకరు కర్రతో లోతు చూడాలి, ఆ సమయంలో పిల్లలు గట్టు మీదే ఉండాలి.

బండిలో ఒక తాడు, రెండు షాకిల్స్ (తాడును బండికి తగిలించే ఇనుప కొక్కేలు), ఒక పార, గాలి కొట్టే చిన్న మోటారు పెట్టుకోండి. ఇసుకలోకి వెళ్లే ముందు టైర్లలో గాలి 18 నుంచి 20 పీఎస్ఐ దాకా తగ్గించండి, తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపండి. తగ్గించిన గాలితో హైవే మీద వేగంగా వెళ్తే టైరు వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. పనిలో పనిగా, టైరు గోడ మీద ఉండే నాలుగంకెల ముద్రను కూడా చూడండి: 2319 అని ఉంటే అది 2019లో ఇరవై మూడో వారంలో తయారైంది. నాలుగు టైర్లూ ఒకే సైజువి కాకపోయినా, అరుగుదలలో తేడా ఎక్కువగా ఉన్నా, ఈ ప్రయాణాలు మొదలుపెట్టక ముందే మార్పించండి.