పిల్లల సాకర్‌కు రిఫరీగా వెళ్తారా? ముందు వీసా, తర్వాతే విజిల్

అమెరికాలో పిల్లల్ని సాకర్‌లో చేర్పించిన వారం తిరక్కుండానే ‘రిఫరీలు కావాలి’ అని లీగు నుంచి ఈమెయిల్ వస్తుంది. 1964లో కాలిఫోర్నియాలో పుట్టిన ఏవైఎస్ఓ (అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్) లాంటి సంస్థలు నడిచేదే తల్లిదండ్రుల చేతుల మీదుగా. రిఫరీ దొరక్కపోతే పిల్లల ఆటే ఆగిపోతుంది. మీరు ఎన్నడూ ఫుట్‌బాల్ ఆడకపోయినా ఫర్వాలేదు, వాళ్లే నేర్పిస్తారు. కాకపోతే ఒప్పుకునే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి.

వాలంటీర్ లీగుల్లో రిఫరీకి పైసా ఇవ్వరు. చాలా క్లబ్ లీగుల్లో మాత్రం మ్యాచ్‌కి ఇంత అని ఫీజు ఇస్తారు. ఆ ఫీజు సంపాదన కిందే లెక్క. ఈఏడీ (పని అనుమతి కార్డు) లేని హెచ్4 వారు, అంటే హెచ్1బీ వారి మీద ఆధారపడి వచ్చినవారు, దాన్ని తీసుకోకూడదు. హెచ్1బీ వారికి స్పాన్సర్ చేసిన కంపెనీ జీతం తప్ప పక్క పనులు చేసి సంపాదించడానికి వీల్లేదు. ‘ఫీజు వద్దులెండి, ఊరికే చేస్తాను’ అన్నా చిక్కు తీరదు, ఎందుకంటే అది మిగతావాళ్లకు డబ్బిచ్చే పని. మొదట్నుంచీ ఎవరికీ డబ్బివ్వని, లాభాపేక్ష లేని సంస్థనే ఎంచుకోండి. అనుమానముంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి, వాట్సాప్ గ్రూపుని కాదు.

చేరేటప్పుడు బ్యాక్‌గ్రౌండ్ చెక్, పిల్లల మీద వేధింపుల్ని అడ్డుకోవడం నేర్పే సేఫ్‌స్పోర్ట్ కోర్సు, తలదెబ్బల మీద ఇంకో కోర్సు ఉంటాయి. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో సోషల్ సెక్యూరిటీ నంబరు అడగొచ్చు. అది లేని హెచ్4 వారు ఫారం మధ్యలో ఆగిపోకుండా వాలంటీర్ కోఆర్డినేటర్‌కి ముందే చెప్పండి.

శిక్షణ అయ్యాక మొదటి మూడు నాలుగు మ్యాచ్‌లు జెండా పట్టుకుని గీత పక్కన సహాయ రిఫరీగా చేయండి. ఆట అర్థమయ్యేది అక్కడే. గోల్‌వైపు నుంచి కీపర్‌తో కలిపి లెక్కేస్తే రెండో డిఫెండర్ ఎక్కడుంటే మీరూ ఆ వరసలో ఉండాలి. బంతి అతన్ని దాటి గోల్‌కి దగ్గరైతే బంతితో పాటు కదలాలి. ముఖం మైదానం వైపే ఉంచి పక్కకి అడుగులేయండి. కొత్తవాళ్లు తప్పేది ఆఫ్‌సైడ్‌లోనే, అంటే ఎదుటివాళ్ల సగంలో బంతి కంటే, ఆ రెండో డిఫెండర్ కంటే గోల్‌కి దగ్గరగా ఉండి బంతి అందుకోవడం. బంతి అందుకున్నప్పుడు ఆటగాడు ఎక్కడున్నాడో చూసి జెండా ఎత్తేస్తారు. చూడాల్సింది సహచరుడు బంతిని తన్నిన క్షణాన ఎక్కడున్నాడన్నది. బంతి గాల్లో ఉండగా పరిగెత్తి ముందుకు పోయిన పిల్లాడు తప్పు చేయలేదు. త్రోఇన్, గోల్‌కిక్, కార్నర్‌కిక్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ లేనే లేదు. గీత అవతలి నుంచి ఎంతమంది అరిచినా సరే.

టీవీలో చూసిన ప్రీమియర్ లీగ్ రూల్స్ పదేళ్ల పిల్లల దగ్గర పనికిరావు. పదేళ్ల లోపు ఆట ఏడుగురితో ఏడుగురు, 25 నిమిషాల చొప్పున రెండు సగాలు, నాలుగో సైజు బంతి. గోల్‌కీపర్ చేతుల్లోకి బంతి రాగానే ఎదుటి జట్టు బిల్డవుట్ లైన్ (పెనాల్టీ ఏరియాకీ మైదానం మధ్యగీతకీ నడుమ గీసే గీత) వెనక్కి పోవాలి. కీపర్ బంతిని చేతుల్లోంచి వదిలి గాల్లోకి తన్నకూడదు, తంతే ఎదుటి జట్టుకి ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్, అంటే బంతి ఇంకొకరికి తగిలాకే గోల్ చెల్లే ఫ్రీకిక్. ఏ పిల్లాడైనా కావాలని బంతిని తలతో కొట్టినా అంతే. ఇన్‌డైరెక్ట్ ఇచ్చినప్పుడు మీ చేయి పైకెత్తి, బంతి ఇంకొకరికి తగిలేదాకా అలాగే ఉంచండి. దించేస్తే, నేరుగా కొట్టిన గోల్ చెల్లుతుందా లేదా అని గొడవ మొదలవుతుంది. చేతికి బంతి తగిలిన ప్రతిసారీ విజిల్ వేయకండి. చేయి మామూలుగా ఉండాల్సిన చోటే ఉండి, కావాలని తాకకపోతే ఆట సాగనివ్వడమే సరి.

ఆటకి అరగంట ముందే చేరుకోండి. గోల్ పోస్టుని చేత్తో ఊపి చూడండి. నేలకి బిగించకపోయినా, ఇసుక బస్తాలతో అదిమి ఉంచకపోయినా ఆట మొదలుపెట్టకండి. ఊడిన పోస్టు మీదపడి పిల్లల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. షిన్‌గార్డ్స్ (మోకాలి కింద కాలి ముందువైపు పెట్టుకునే రక్షణ పలకలు) మేజోళ్ల లోపలే ఉండాలి. చెవిపోగులు తీయాలి, పైన టేపు అంటించినా ఒప్పుకోరు. మన ఇళ్లలో ఆడపిల్లలకి చెవులు కుట్టించేది సీజన్ అయిపోయాక పెట్టుకుంటే కన్నీళ్లుండవు. ఉరుము వినిపిస్తే అందరినీ లోపలికి పంపించి, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

గీత పక్కన తల్లిదండ్రులు అరుస్తారు, మన తెలుగువాళ్లు తెలుగులోనే అరుస్తారు. వాళ్లకి జవాబివ్వకండి. ఆట ఆపి ఆ జట్టు కోచ్‌ని పిలిచి, వాళ్లకి సర్దిచెప్పమని మెల్లగా చెప్పండి. రెండోసారి గట్టిగా చెప్పండి. మూడోసారి ఆ మనిషి వెళ్లేదాకా ఆట మొదలుపెట్టకండి. తర్వాత ఏం జరిగిందో ఏ నిమిషంలో జరిగిందో రాసి అదే రోజు లీగుకి పంపండి. మీ పిల్లల జట్టు మ్యాచ్ మీకే పడితే ఇంకొకరితో మార్చుకోవడం మేలు.

తలకి దెబ్బ తగిలి పిల్లాడు తడబడినా, ‘తల తిరుగుతోంది’ అన్నా, బయటికి పంపేయండి. కోచ్ బతిమాలినా, నాన్న వచ్చి ‘ఏం కాలేదు’ అన్నా, ఆ రోజు మళ్లీ మైదానంలోకి రానివ్వకండి.