అశోక్‌నగర్ నుంచి అడిగిన తమ్ముడికి

మీ ప్రశ్నను నేను రెండుసార్లు చదివాను. వయసు 27 అనీ, నాలుగేళ్ళుగా హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కు, అంటే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పోటీ పరీక్షలకు, చదువుతున్నాననీ, 2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయిందనీ, 2023 జూన్‌లో మళ్ళీ రాసినదీ రద్దయిందనీ, 2024లో రాసినదానిలో మెయిన్స్‌కు అర్హత రాలేదనీ రాశారు. తోటివాళ్ళు అపార్ట్‌మెంట్లు కొనుక్కుంటున్నారు, మీకంటే చిన్నవాడైన తమ్ముడికి గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చింది, ఊరి నుంచి ఎవరు ఫోన్ చేసినా మీకు ఎత్తబుద్ధి కావడం లేదు. వచ్చే నెల కరీంనగర్‌లో జరిగే మేనత్త కూతురి పెళ్ళికి వెళ్ళాలా, మానాలా అని కూడా అడిగారు. చివర "నా టైం అయిపోయిందా?" అన్నారు.

నాకు ఇప్పుడు 39 ఏళ్ళు. ఈ సంగతులు నేను ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఫోన్ ఎత్తడం లేదన్న మీ మాట దగ్గర ఆగిపోయాను కాబట్టి రాస్తున్నాను. ఉద్యోగం రాకపోవడం వల్ల నేను పోగొట్టుకున్నదానికంటే, రాలేదన్న సంగతి దాచడం వల్ల పోగొట్టుకున్నదే ఎక్కువ.

మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. నేను 2008లో బీటెక్ పూర్తి చేశాను. చివరి సంవత్సరంలో ఉండగానే క్యాంపస్ ఎంపికలో ఒక సంస్థ నన్ను తీసుకుంది, మా నాయన ఊరంతా లడ్డూలు పంచాడు. ఆ సెప్టెంబరులో అమెరికాలో ఆర్థిక సంక్షోభం మొదలయ్యాక, చేరే తేదీని మూడు నెలలు, మరో మూడు నెలలు అంటూ వెనక్కి జరుపుతూ పోయి, చివరికి ఆ ఉద్యోగం లేదని ఒక చిన్న మెయిల్‌తో చెప్పేశారు. అప్పుడు నేను అమీర్‌పేటలో నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటున్నాను. మైత్రీవనం చుట్టూ ఉన్న శిక్షణ కేంద్రాల్లో ఒక నెల జావా, మరో నెల టెస్టింగ్ అంటూ, ఎవరు ఏది నేర్చుకోమంటే అది నేర్చుకుంటూ తిరుగుతున్నాను. 2009 జనవరిలో ఇంటికి ఫోన్ చేసినప్పుడు, "చేరినవా బిడ్డా?" అని మా నాయన అడిగాడు. పంచిన లడ్డూలు గుర్తుకు వచ్చి, చేరానని చెప్పాను.

ఆ ఒక్క మాటను నిలబెట్టడానికి పదమూడు నెలలు పట్టింది. యూసుఫ్‌గూడలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పి గది అద్దె కట్టేవాడిని. నెలకు ఒకసారి ఇంటికి వెయ్యి రూపాయలు పంపడానికి స్నేహితుల దగ్గర అప్పు చేసేవాడిని. పగటిపూట ఇంటి నుంచి ఫోన్ వస్తే, ఆఫీసులో ఉన్నవాడు ఎత్తడు కదా అని ఎత్తేవాడిని కాదు. సాయంత్రం నేనే చేసి, పని ఎక్కువగా ఉందని చెప్పేవాడిని. పెళ్ళిళ్ళకు సెలవు దొరకలేదని మానేశాను. ఇంత జాగ్రత్తగా అబద్ధాన్ని కాపాడుకునేవాడికి చదవడానికి మనసు ఎక్కడ మిగులుతుంది? పుస్తకం ముందు కూర్చున్న ఆరు గంటల్లో కనీసం నాలుగు గంటలు, తరువాత ఎవరికి ఏం చెప్పాలన్న ఆలోచనతోనే గడిచిపోయేవి.

2010 ఫిబ్రవరిలో మా నాయన బియ్యం తీసుకుని వచ్చాడు. ఇమ్లీబన్ బస్టాండులో ఆయన దిగడం ఇప్పటికీ నా కళ్ళకు కడుతుంది. ఉతికిన యూరియా సంచి, సుతిలితో గట్టిగా కట్టిన మూతి, భుజం మీద తువ్వాలు. సంచిని నా చేతికి ఇస్తూ, "నీ ఆఫీసు ఏడుంటదో ఒక్కపాలి సూపెట్టు బిడ్డా, లోపలికి రాను, బయట్నుంచి సూసి పోత" అన్నాడు. కాదనడానికి నాకు మాట దొరకలేదు. సంచితో సహా సిటీ బస్సెక్కి మాదాపూర్ వెళ్ళాం. సైబర్ టవర్స్ ఎదురుగా దిగిన తరువాత ఆయన చేతిని నుదుటికి అడ్డం పెట్టుకుని ఆ గుండ్రటి భవనాన్ని పైనుంచి కింది దాకా చూశాడు. ఎన్నో అంతస్తు అని అడిగాడు. అప్పటికి పదమూడు నెలలుగా ప్రతి ప్రశ్నకూ ఒక అబద్ధం సిద్ధంగా ఉండేది, ఆ పూట మాత్రం రాలేదు. ఉద్యోగం లేదనీ, ఎప్పుడూ లేదనీ చెప్పాను. చెబుతున్నంతసేపూ నేను సంచి మూతికి కట్టిన సుతిలినే చూస్తున్నాను.

ఆయన కాసేపు ఊరుకుని, "ముంగటనే చెప్తే అయిపోవు గద బిడ్డా. కొలువున్నోడు బయట తింటడని నేను బియ్యం తక్కువ తెస్తున్న" అన్నాడు. ఆ తరువాత గదికి వెళ్ళి అన్నం వండుకుని తిన్నాం. ఆయన ఆ రాత్రికే తిరుగు బస్సెక్కాడు, వచ్చే నెల సంచి బరువు పెరిగింది.

ఆ మే నెలలో సూర్యాపేటలో జరిగిన ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల బంతిలో మేనమామ వరుసయ్యే ఒకాయన అలవాటుగా "ఎక్కడ చేస్తున్నవురా?" అని అడిగారు. ఇంకా ఎక్కడా లేదు మామా, వెతుకుతున్నాను, లెక్కలూ కంప్యూటరూ వచ్చు అన్నాను. ఆయన వేలు విడిచిన బావమరిది కోఠీలో మందుల హోల్‌సేల్ నడుపుతున్నాడనీ, బిల్లింగ్ చూసే మనిషి కావాలంటున్నాడనీ ఆయనే చెప్పారు. జూన్‌లో నెలకు రూ. 6,500 జీతానికి అక్కడ చేరాను. సెలవు దొరకలేదని నేను మానేసిన పెళ్ళిళ్ళలోనూ ఆ మామ ఉన్నారు, ఆయన బావమరిది దుకాణమూ అప్పటికే కోఠీలో ఉంది. నాకు పని లేదని తెలియకపోతే పని ఉందని నాకెవరు చెబుతారు?

ఆ దుకాణంలో ఏడేళ్ళు పనిచేశాను. బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ తేదీలు, గడువు దగ్గరపడిన సరుకును కంపెనీకి తిప్పి పంపే లెక్కలు, ఇవన్నీ నా చేతికి అలవాటయ్యాయి. బీటెక్ చదివి గోడౌనులో అట్టపెట్టెలు లెక్కపెడుతున్నాడని అన్నవాళ్ళు ఉన్నారు, అది విన్నప్పుడల్లా బాధపడ్డాను కూడా. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు మందుల దుకాణాల వాళ్ళందరికీ బిల్లింగ్ మార్చుకోవాల్సిన అవసరం పడింది. ఆ వ్యాపారమూ, ఆ సాఫ్ట్‌వేరూ రెండూ తెలిసినవాడిని కాబట్టి, వాళ్ళకు ఆ పని చేసిపెట్టడమే నా వృత్తి అయింది. ఇందులో నా తెలివి ఎంతో నాకు తెలుసు. చట్టం ఆ సంవత్సరం రాకపోయి ఉంటే నా దారి మరోలా ఉండేది. అందువల్ల కష్టపడితే ఫలితం తప్పకుండా వస్తుందని నేను మీకు చెప్పలేను.

మీకు ధైర్యం చెప్పాలని, ఎవరూ ఎవరికంటే ముందు లేరని కూడా చెప్పను. నాతో చదివినవాళ్ళలో కొందరు డబ్బులోనూ, హోదాలోనూ నాకంటే ముందున్నారు, ఇక ముందూ ఉంటారు. అయితే మీరు మీ మీద వేసుకుంటున్న నాలుగేళ్ళ లెక్కలో కొంత మీది కాదు. రెండు పరీక్షలు రద్దయిన కాలానికి మీరు బాధ్యులు కారు. 2024లో 563 పోస్టులకు సుమారు 3 లక్షల మంది ప్రిలిమ్స్ రాస్తే, మెయిన్స్‌కు అర్హత పొందినవారు 31,382 మంది. అంటే ఆ మెట్టు దగ్గరే పదిమందిలో తొమ్మిదిమంది ఆగిపోయారు. వాళ్ళందరూ చేతకానివాళ్ళని మీరు అనుకోరు కదా, మీ విషయంలో మాత్రం అలా ఎందుకు అనుకుంటున్నారు? మిగిలిన కాలానికి మాత్రం మీరే లెక్క చెప్పుకోవాలి. చిక్కడపల్లి గ్రంథాలయంలో ఉదయం నుంచి రాత్రి దాకా కూర్చున్న రోజుల్లో నిజంగా చదివింది ఎంతసేపు, చాయ్ బండి దగ్గర నోటిఫికేషన్ల గురించి మాట్లాడుకున్నది ఎంతసేపు అన్నది ఒక నెలపాటు నోట్‌బుక్‌లో రాసుకోండి. ఎవరికీ చూపించనక్కరలేదు.

గరిష్ఠ వయోపరిమితిని 2024లో 46కు పెంచారన్న మాట అశోక్‌నగర్‌లో అందరికీ ధైర్యం ఇస్తుంది. నాకు మాత్రం అది చూస్తే భయం వేస్తుంది, ఎందుకంటే ఆపేయాల్సిన తేదీని ప్రభుత్వం నిర్ణయించదు, మనమే నిర్ణయించుకోవాలి. ఇంకొక్క నోటిఫికేషన్ వరకు చదువుతారా, రెండు వరకు చదువుతారా అన్నది కాగితం మీద రాసి, తేదీతో సహా ఇంట్లో చెప్పండి. ఈలోగా పూటకు నాలుగు గంటల పని ఏదైనా చూసుకోండి. మీరు నాలుగేళ్ళు చదివిన పాలిటీ, చరిత్ర చెప్పగలిగే మనిషి కోసం చిన్న కోచింగ్ సెంటర్లు వెతుకుతూ ఉంటాయి. ఆ జీతం చిన్నదే అయినా, గది అద్దె మీ డబ్బుతో కట్టిన నెలలో చదువు మీద మనసు నిలవడం మీకే తెలుస్తుంది. అశోక్‌నగర్‌ను ఒక్క రాత్రిలో వదిలిపెట్టమని నేను చెప్పడం లేదు, కోపంలో పెట్టె సర్దుకుని వెళ్ళినవాళ్ళు ఆరు నెలలకు తిరిగి రావడం చూశాను.

ఇంకొక విషయం మీరు రాయలేదు, కానీ నేను అడగాలి. నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, బతికి ఏం లాభమన్న ఆలోచన రావడం వంటివి ఉంటే, దాన్ని చదువు సమస్యగా చూడవద్దు. 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్, ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. నగరంలో మనం ఎర్రగడ్డ పేరును తిట్టులా వాడుకుంటాం. అందుకే అక్కడి మానసిక చికిత్సాలయంలో ఓపీ ఉందని తెలిసినా వెళ్ళడానికి జంకుతాం. నేను కూడా ఆ రోజుల్లో వెళ్ళవలసి ఉండి వెళ్ళలేదు. ఆ సంవత్సరం నా గదిలో ఉన్న నలుగురూ నేను మాట్లాడటం మానేశానని గమనించారని, చాలా ఏళ్ళ తరువాత ఒకరు చెబితే తెలిసింది.

పెళ్ళి సంగతికి వస్తాను. వెళ్ళండి. ఎవరు అడిగినా చెప్పడానికి ఒకే మాట సిద్ధం చేసుకోండి: "గ్రూప్స్‌కు చదువుతున్నాను, ఇంకా రాలేదు, ఫలానా నెల దాకా చూస్తాను, ఈలోపు పాఠాలు చెప్పే పని ఉంటే చెప్పండి." అద్దం ముందు కాదు, గదిలోని స్నేహితుడి ముందు రెండుసార్లు అని చూసుకోండి, ఎందుకంటే మొదటిసారి గొంతు తడబడుతుంది. పెళ్ళికంటే ముందే, వీలైతే ఈ రాత్రే, మీరు ఎత్తకుండా వదిలేసిన ఫోన్లలో మొదటిది ఎవరిదో చూసి వాళ్ళకు చేయండి. అది అమ్మదో నాన్నదో అయితే ఇంకా మంచిది.