డేట్ దగ్గరపడితే ఒక్క ముక్క ఎక్కట్లేదు!

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది చదువుతున్నా. హాస్టల్లో ఉంటా. పీరియడ్స్‌కి వారం ముందు నుంచీ ఊరికే ఏడుపొస్తుంది. చిరాకు, కడుపుబ్బరం. పుస్తకం పట్టుకుంటే ఒక్క ముక్క ఎక్కదు. మొన్న మిడ్స్ సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చాయి. చదివినవీ రాయలేకపోయా. అప్పుడే రూమ్మేట్‌తో గొడవైంది, ఇప్పటికీ మాటల్లేవు. ఇప్పటికే రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి. ఈ సెమిస్టర్‌లో మామూలు రోజుల్లోనూ రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టట్లేదు. ఒక్కోసారి ‘ఎందుకీ బతుకు’ అనిపిస్తోంది. అమ్మకు చెబితే ‘అందరికీ ఉండేదే, పెళ్లయితే సర్దుకుంటుంది’ అంటోంది. సెమిస్టర్ పరీక్షలకి పీరియడ్ వాయిదా మాత్రలు వేసుకోమని ఓ సీనియర్ చెప్పింది. వేసుకోవచ్చా?
- ఓ సోదరి, కాకినాడ

జవాబు: ముందు ‘ఎందుకీ బతుకు’ అన్న మాట గురించి. దాన్ని పీరియడ్స్ ఖాతాలో వేసి వదిలేయకండి. ఆ ఆలోచన ఏ రోజు వచ్చినా గదిలో ఒక్కరే ఉండిపోవద్దు. దగ్గరున్న ఎవరికైనా చెప్పండి, 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ ‘టెలీ మానస్’ నంబరు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం. ఆ ఆలోచన ‘ఎలా’ అన్నదాకా పోతే మాత్రం అప్పటికప్పుడే ఎవరినైనా తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.

మాత్రలు వద్దు. వ్రతాలకీ పెళ్లిళ్లకీ మన ఇళ్లల్లో వాడే ఆ మాత్రలో సాధారణంగా ఉండేది నోరెథిస్టెరాన్. రక్తస్రావాన్ని అది వాయిదా వేస్తుంది, నిజమే. కానీ మీ ఇబ్బందంతా దానికి ముందు రోజులతో కదా! పైగా కడుపుబ్బరం, మూడ్ మారిపోవడం ఆ మాత్ర దుష్ప్రభావాల్లోనే ఉన్నాయి. రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లకైతే ప్రమాదం కూడా. డాక్టర్‌ని అడక్కుండా మందుల షాపులో కొనుక్కుని వేసుకునేది కాదది.

మీరు రాసినదాంట్లో నాకు ఎక్కువ గుచ్చుకున్నది ఆ నిద్ర సంగతి. పీఎంఎస్ (పీరియడ్స్‌కి ముందు వచ్చే శారీరక, మానసిక ఇబ్బందులు) అయితే లక్షణాలు డేట్‌కి ముందు మొదలై, పీరియడ్ వచ్చిన మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోవాలి. ఆ తర్వాత వారం మనిషి తేలిగ్గా ఉండాలి. మీకు ఆ వారం కూడా నిద్ర లేదంటున్నారు. అంటే రెండు బాధలు కలిసిపోయాయని నా అనుమానం. బ్యాక్‌లాగ్స్ భయం నెలంతా ఉంది, డేట్ ముందు అది రెట్టింపవుతోంది. పీరియడ్ అయిపోయిన రోజుల్లో ఒత్తిడి ఎక్కువైతే, తర్వాతి డేట్ ముందు ఈ లక్షణాలూ పెరగొచ్చు.

అందుకే రెండు నెలలు ఓ పని చేయండి. ఫోన్లోనో నోట్‌బుక్‌లోనో రోజూ పడుకునే ముందు ఒకే లైను: తేదీ, నిద్రపోయిన గంటలు, ఏడుపు, చిరాకు 0 నుంచి 3 వరకు ఎంత. గుర్తున్నదాన్ని బట్టి చెబితే అందరం తప్పులే చెబుతాం, కాగితం చెప్పదు. దాంతో గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. థైరాయిడ్, రక్తహీనత ఉన్నాయేమో చూస్తారు, అవీ ఇలాగే నీరసపెడతాయి. హార్మోన్ పరీక్షలు చేయించినా చాలావరకు నార్మల్ అనే వస్తాయి, కంగారుపడకండి. పీఎంఎస్‌లో హార్మోన్ల మోతాదు మామూలుగానే ఉంటుంది, వాటి హెచ్చుతగ్గులకు మెదడు ఎక్కువగా స్పందిస్తుంది. రిపోర్ట్ నార్మల్ కాబట్టి అంతా నటనే అని ఎవరైనా అంటే వాళ్లకి తెలియదనే లెక్క. మరీ తీవ్రంగా ఉంటే దాన్ని పీఎండీడీ అంటారు. పీరియడ్స్ వచ్చే వయసు స్త్రీలలో నూటికి 3 నుంచి 8 మందికి ఉంటుందని అంచనా. దానికి సైకియాట్రిస్టులు ఇచ్చే మందులున్నాయి, కొందరికి నెలలో రెండు వారాలు వాడితే చాలు.

చదువు విషయానికొస్తే, ఆ రోజుల్లో బుర్ర మొద్దుబారిందనిపిస్తుంది గానీ, పరీక్షలు పెట్టి చూసిన అధ్యయనాల్లో జ్ఞాపకశక్తి, తెలివి పెద్దగా తగ్గినట్టు కనిపించలేదు. పోయేది నిద్ర, ఓపిక. ఆ రెండూ లేకుండా నైటౌట్లు చేస్తే ఎవరికైనా మిడ్స్ పోతాయి. సెమిస్టర్ పరీక్షలు రెండు మూడు వారాలు సాగుతాయి కాబట్టి ఒకటో రెండో ఆ వారంలో పడే అవకాశం ఎక్కువ. కొత్త చాప్టర్లు, ప్రాబ్లమ్స్ అన్నీ పీరియడ్ అయిపోయిన పది రోజుల్లో పెట్టుకోండి. ముందు వారానికి పాత ప్రశ్నపత్రాలు, రికార్డు రాసే పని మిగల్చండి. సాయంత్రం తర్వాత కాఫీ మానేయండి, క్యాంపస్‌లో అరగంట నడవండి. రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల క్యాల్షియం ఈ లక్షణాల్ని కొంత తగ్గిస్తుంది. హాస్టల్ మజ్జిగలో నీళ్లే ఎక్కువని తెలుసు, అందుకే గదిలో రాగిపిండి ఉంచుకోండి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాములుంటుంది.

క్లాసులు పోతుంటే డాక్టర్ సర్టిఫికెట్ దగ్గరుంచుకోండి. జేఎన్‌టీయూ పద్ధతిలో హాజరు 75 శాతం తగ్గి 65 దాకా ఉంటే వైద్య కారణాలతో కండొనేషన్ (ఆ లోటును మన్నించడం) ఉంది. కొచ్చిన్‌లోని సైన్స్ అండ్ టెక్నాలజీ వర్సిటీ 2023లో అమ్మాయిలకు హాజరులో 2 శాతం సడలింపు ఇచ్చింది. మన వర్సిటీలూ ఆలోచించొచ్చు.

అమ్మతో ఫోన్లో వాదించకండి. ఆవిడ కాలంలో దీనికి డాక్టర్ దగ్గరికి వెళ్లడమే తెలియదు. ఇంటికెళ్లినప్పుడు ఆ నోట్‌బుక్ చేతికివ్వండి, ఆసుపత్రికి తోడు రమ్మనండి. రూమ్మేట్‌తో మాత్రం ఈ నెల పీరియడ్ అయ్యాక, మనసు కుదుటపడ్డ రోజున మీరే మొదలుపెట్టండి. ‘సారీ’ ఒక్కటే కాకుండా ఏ వారం మీకు కష్టమో చెప్పండి. తనకీ అలాంటి వారం ఒకటి ఉండే ఉంటుంది.