ఏడు చుక్కల ముగ్గుతో మొదలుపెట్టండి

"ప్రతి జనవరిలో లక్ష్యాలు పెట్టుకుంటాను, రెండు వారాలకే వదిలేస్తాను. సింపుల్‌గా, కాస్త సృజనాత్మకంగా బతకడానికి ఏ అలవాట్లు చేసుకోవాలి?" అని అడిగారు. ఈ బాధ నేను పదేళ్లు పడ్డాను. అందుకే గట్టిగా చెప్తున్నాను, ఏడాది లక్ష్యాలు మానేయండి. నెల రోజులకు సరిపడా ఒక్క పని పెట్టుకోండి.

2021 జనవరిలో నా డైరీ మొదటి పేజీలో 11 లక్ష్యాలు రాసుకున్నాను. బరువు తగ్గడం, ఫ్రెంచ్ నేర్చుకోవడం, నెలకు రెండు పుస్తకాలు, వీణ... వీణ క్లాసుకు మూడు నెలల ఫీజు కట్టి నాలుగుసార్లు వెళ్ళాను. ఇది చాలదన్నట్టు ఆఫీసులో ఏటా గోల్స్ ఫారం ఒకటి. మనకేం కావాలో తెలియకముందే అంకెలు వెయ్యమంటారు. ఆ ఫారాలు నింపీ నింపీ ఇంట్లో కూడా అలాగే ఆలోచించడం మనకు అలవాటైపోయింది.

ఆ డిసెంబరులో కోనసీమలో మా అమ్మ బాత్రూంలో జారిపడింది. కుడి మణికట్టు విరిగి కట్టు వేశారు. నాకు వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్ళిపోయాను. సరిగ్గా అప్పుడే నెలగంట పెట్టారు, అంటే ధనుర్మాసం మొదలైంది. మర్నాడు తెల్లవారుజామున అమ్మ కుర్చీ వేయించుకుని వాకిట్లో కూర్చుంది. వీధంతా ముగ్గులు, మా వాకిలి ఒక్కటే ఖాళీ. "మీ అమ్మ చెయ్యి విరిగింది సరే, నీ చేతికేమైంది?" అంది ఎదురింటి పిన్ని.

రోషం వచ్చి పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు సందు చుక్క మొదలుపెట్టాను. అంటే మధ్య వరసలో పదిహేను, అటూ ఇటూ వరసకొకటి తగ్గుతూ ఎనిమిది దాకా, మొత్తం 169 చుక్కలు. నాలుగో వరసకే లెక్క తప్పింది, ఓ పక్కకి వంగిపోయింది. కాళ్ళు లాగుతున్నాయి, తొమ్మిదింటికి మీటింగ్ ఉందని టెన్షన్. అమ్మ చూసి చూసి, "చెరిపెయ్ అమ్మలూ. ఏడు చుక్కలు పెట్టు, నాలుగు వరకు. వాకిలి బోసిగా లేకపోతే చాలు" అంది. 37 చుక్కలు, మధ్యలో నక్షత్రం, చుట్టూ ఆరు రేకులు. పావుగంటలో అయిపోయింది. మొదలుపెట్టిన పనిని అదే రోజు పూర్తి చేసి, లేచి నిలబడి చూసుకోవడం నాకు ఎన్నేళ్ల తర్వాతో!

ఆ నెలంతా రోజూ వేశాను. పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి జారాలి. గట్టిగా పడితే ఆగిపోతుంది, వదిలితే కుప్పగా పడుతుంది. కళ్ళాపి తడి మీద వేస్తే ముద్దవుతుంది, పూర్తిగా ఆరాక వేస్తే గాలికి పోతుంది. మన్ను నల్లగా ఉండి కాలికి అంటని సమయం ఒకటి ఉంటుంది, మహా అయితే పది నిమిషాలు. అప్పుడే వెయ్యాలి. ఇది ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పలేదు, అమ్మ కుర్చీలోంచి చెప్పింది. భోగి నాటికి పదిహేను చుక్కలదీ వచ్చేసింది.

మన పెద్దవాళ్ళకు ఈ కొలత బాగా తెలుసని నా నమ్మకం. ధనుర్మాసం నెల, ఆండాళ్ తిరుప్పావై పాశురాలు 30, రోజుకొకటి. కార్తీక మాసమూ నెలే. అయ్యప్ప దీక్షైతే 41 రోజులు. మొదలూ చివరా కళ్ళకు కనపడతాయి కాబట్టే మామూలు మనుషులు కూడా పూర్తి చేస్తారు. ఏడాది అంటే మనసుకు అందదు. ఇంకొకటి, ముగ్గు సాయంత్రానికి చెదిరిపోతుంది. నిన్నటిది బాగా రాలేదన్న దిగులు ఉండదు, పొద్దున్నే కొత్త వాకిలి. అందుకే ఫోటో తీసి స్టేటస్ పెట్టడం కూడా మానేశాను. లైకులు లెక్కపెట్టడం మొదలైతే చెయ్యి బిగుసుకుపోతుంది.

హైదరాబాద్ వచ్చాక అపార్ట్‌మెంట్‌లో కష్టమైంది. కారిడార్ టైల్స్ మీద పిండి నిలవదు, పైగా మరకలు పడుతున్నాయని అసోసియేషన్ వాళ్ళ అభ్యంతరం. గుమ్మానికి స్టిక్కర్ ముగ్గు అంటించుకోమని సలహా కూడా ఇచ్చారు. ఏడాది పొడుగునా కదలకుండా పడుండే ముగ్గు ఏం ముగ్గండీ! నాకైతే కడుపు మండిపోయింది. రెండడుగుల తాండూరు బండ కొని బాల్కనీలో వేసుకున్నాను. తడిగుడ్డతో తుడిచి, కాఫీకి ముందు ఒక ముగ్గు. ఫోన్ ముట్టుకోను. ఏడాది తిరిగేసరికి చుక్కలు పెట్టి నా సొంతంగా తిప్పడం మొదలుపెట్టాను. పదకొండు లక్ష్యాల్లో ఒక్కటీ ఇవ్వని సంతోషం అందులో దొరికింది.

ఇప్పుడు నాకున్న లక్ష్యం ఒక్కటే. అమ్మ దగ్గర అట్ట ఊడిపోయిన పాత లెక్కల నోటుపుస్తకం ఉంది, అందులో 46 ముగ్గులు. నెలకొకటి చొప్పున చూడకుండా వేసేలా నేర్చుకుంటున్నాను. చివరి పేజీలో రథం ముగ్గు. కనుమ నాడు వేసి, దాని తాడు పక్కింటి రథం దాకా గీసి కలుపుతాం. ఆ పేజీ కింద అమ్మ పెన్సిల్‌తో "తాడు మర్చిపోకు" అని రాసుకుంది. బాల్కనీలో తాడు ఎటు గీస్తాం? అందుకే ఈసారి ఆ ఒక్కరోజుకీ కారిడార్‌లోనే వేస్తాను, మర్నాడు నేనే కడిగేస్తానని అసోసియేషన్ వాళ్ళకు చెప్పాను. ఎదురు ఫ్లాట్ ఆవిడనూ అడిగాను. తనకు ముగ్గు రాదట. ఏడు చుక్కలతో మొదలుపెడదాం, ఆదివారం రండి అన్నాను.